ఉన్న ఇంట్లోనే రెండో బాత్‌రూమ్: చోటు ఎక్కడో చెప్పేది పైపు

క్లుప్తంగా: హైదరాబాద్‌లోని చాలా చిన్న ఇళ్లలో బయటికి ఒక్క అడుగు కూడా పెంచకుండా రెండో బాత్‌రూమ్ కట్టుకోవచ్చు. దానికి కావలసిన ముప్పై చదరపు అడుగులు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. కమోడ్ నుంచి చాంబర్ (ఇంటి మురుగు పైపులు వచ్చి కలిసే తొట్టి) దాకా వెళ్లే నాలుగంగుళాల పైపుకు వాలు మాత్రం ఎక్కడ పడితే అక్కడ దొరకదు. ఉన్న బాత్‌రూమ్‌ను రెండుగా విడదీయడం అన్నిటికన్నా తేలిక. దాని గోడకు ఆనించి కొత్తది కట్టడం ఆ తర్వాతిది. పై అంతస్తుల్లో అయితే వాలుతో పాటు స్లాబ్ మోయగల బరువును కూడా లెక్క చూసుకోవాలి.

ఒక్కటి ఎందుకు చాలడం లేదు

అరవై, ఎనభై, వంద గజాల జాగాల్లో కట్టిన ఇళ్లు నగరంలో బస్తీ బస్తీకీ ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఒకటే బాత్‌రూమ్. కట్టిన రోజుల్లో అది లోటుగా తోచలేదు. పాత ఇళ్లలో లెట్రిన్ ఒక మూల, స్నానాల గది దాని పక్కన, ముఖం కడుక్కోవడానికి నల్లా ఆరుబయట ఉండేవి. ఒకే సమయంలో ముగ్గురు మూడు పనులు కానిచ్చుకునేవారు.

తర్వాత ఇంటిని బాగు చేయించిన ప్రతిసారీ ఆ మూడూ దగ్గరికి జరుగుతూ వచ్చాయి. మధ్య గోడ కూల్చి, టైల్స్ వేసి, వెస్ట్రన్ కమోడ్, షవర్, వాష్‌బేసిన్ అన్నీ ఒకే గదిలో పెట్టించారు. గది విశాలంగా, శుభ్రంగా కనిపించింది. కానీ పళ్లు తోముకోవడానికి ఒకరు లోపలికి వెళ్లి గడియ వేసుకున్నా మిగతా నలుగురూ బయట నిలబడాల్సి వచ్చింది. ఐదుగురున్న ఇంట్లో మనిషికి పావుగంట వేసుకున్నా 75 నిమిషాలు. ఏడున్నరకు స్కూల్ బస్సు, ఎనిమిదింటికి ఆఫీస్ క్యాబ్ ఉంటే ఆ ఇంటి టెన్షన్ అంతా బాత్‌రూమ్ తలుపు దగ్గరే మొదలవుతుంది. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే, రాత్రిపూట హాలు దాటి వెళ్లడం ఇంకో కష్టం. మంచానికి నాలుగడుగుల దూరంలో కమోడ్ ఉండాలని వాళ్లు కోరుకోవడం సౌకర్యం కోసం మాత్రమే కాదు, పడిపోతామన్న భయం వల్ల కూడా.

పక్క సందులోకో, ముందు ఖాళీలోకో ఇల్లు పెంచేద్దామంటే నిబంధనలు అడ్డొస్తాయి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, అంటే అందరూ 168 జీవో అని పిలిచేవి, జాగా కొలతను బట్టి వదలాల్సిన ఖాళీని నిర్ణయించాయి. 75 గజాల లోపు జాగాలో చిన్న ఇంటికి అనుమతితో పని లేదని, రిజిస్ట్రేషన్ చాలని 2020 నాటి భవన అనుమతుల చట్టం (బీపాస్) చెప్పిన మాట నిజమే. దాన్ని హద్దు గోడ దాకా ఏదైనా కట్టేసుకోవచ్చని అర్థం చేసుకోవడం పొరపాటు. ముందు కట్టేసి తర్వాత క్రమబద్ధీకరించుకోవచ్చన్న ఆశ కూడా నమ్మదగినది కాదు. 2015లో తెచ్చిన భవనాల క్రమబద్ధీకరణ పథకం ఆ ఏడాది అక్టోబర్ 28కి ముందు కట్టినవాటికే వర్తించేలా వచ్చింది. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకైతే పెంచడమన్న మాటే లేదు. కాబట్టి నాలుగు గోడల లోపలే చూసుకోవాలి.

ముప్పై చదరపు అడుగుల లెక్క

జాతీయ భవన నిర్మాణ స్మృతి ఈ విషయంలో మంచి కొలబద్ద. 2016 నాటి కూర్పు ప్రకారం కమోడ్, స్నానం కలిపి ఉండే గదికి కనీసం 2.8 చదరపు మీటర్లు, అంటే సుమారు 30 చదరపు అడుగులు ఉండాలి. వెడల్పు 1.2 మీటర్లకు, అంటే నాలుగడుగులకు తగ్గకూడదు. టాయిలెట్ ఒక్కటే అయితే 1.1 చదరపు మీటర్లు, మూడడుగుల వెడల్పు సరిపోతాయి. స్నానాల గది ఒక్కటే అయితే 1.8 చదరపు మీటర్లు కావాలి.

పది అడుగులు, పన్నెండు అడుగుల బెడ్‌రూమ్‌లో ఒక మూల నాలుగడుగులు, ఏడున్నర అడుగుల బాత్‌రూమ్ కట్టారనుకుందాం. కొత్త గోడల మందంతో కలిపి అది 35 చదరపు అడుగులు తినేస్తుంది. గదికి 85 మిగులుతాయి. అదే స్మృతి రెండో పడకగదికి చెప్పిన కనీస కొలత 7.5 చదరపు మీటర్లు, దాదాపు 81 చదరపు అడుగులు. అంటే ఈ కొలతల్లో పని జరుగుతుంది, కానీ అంచు మీద జరుగుతుంది. బాత్‌రూమ్ పక్కన మిగిలే రెండడుగుల సందులో బీరువా దిగుతుంది. మంచం వేశాక నడిచే దారి ఒకవైపే ఉంటుంది. గది పది అడుగులు, పది అడుగులే అయితే ఈ ఆలోచన మానుకోవడం మేలు. ఆ ఇంటికి బాత్‌రూమ్ రావచ్చుగానీ పడకగది పోతుంది.

నీరు పల్లమెరుగు

కమోడ్ పైపు 110 మిల్లీమీటర్లది. వ్యవహారంలో నాలుగంగుళాల పైపు అంటారు. దానిలోంచి మలినం నీటితో కలిసి సాఫీగా జారాలంటే సుమారు 40 అడుగుల పొడవుకు ఒక అడుగు చొప్పున వాలు ఉండాలి. వాలు తగ్గితే మడ్డి దారిలోనే పేరుకుంటుంది. కొత్త కమోడ్ పాత పైపుకు పదడుగుల దూరంలో ఉంటే వాలుకే మూడంగుళాలు పోతాయి. పైపు మందం నాలుగంగుళాల పైన ఉంటుంది. దాని మీద కాంక్రీటు, టైలు వేయాలి. అన్నీ కలిపితే ఎనిమిది, తొమ్మిది అంగుళాల లోతు కావాలి.

ఇల్లు కట్టేటప్పుడే బాత్‌రూమ్ కింద స్లాబ్‌ను కిందికి దించి పోస్తారు. మేస్త్రీలు సంకెన్ స్లాబ్ అనేది దీన్నే. కొత్తగా బాత్‌రూమ్ కట్టదలచిన బెడ్‌రూమ్ మూలలో అది ఉండదు. స్లాబ్ అంతా సమంగా ఉంటుంది కాబట్టి లోతు దొరకదు, నేలనే పైకి లేపాలి. అప్పుడు గడప దగ్గర ఒక పెద్ద మెట్టు వస్తుంది. ఏ పెద్దవాళ్ల మోకాళ్ల కోసం ఈ పనంతా మొదలుపెట్టారో, వాళ్లే రాత్రి నిద్రకళ్లతో ఆ మెట్టు ఎక్కి, తడికాళ్లతో దిగాలి. ఈ ఒక్క విషయం ముందుగా ఆలోచించకపోవడం వల్ల ఎంతో ఖర్చు పెట్టి కట్టిన బాత్‌రూమ్‌ను వాడాల్సినవాళ్లే వాడలేకపోతారు.

కొత్త కమోడ్‌ను పాత పైపు ఉన్న గోడకే ఆనిస్తే ఈ లెక్క మారిపోతుంది. పీ ట్రాప్ కమోడ్‌కు పైపు నేలలోకి కాకుండా వెనక గోడలోకి వెళ్తుంది. దాని నోరు నేలకు ఏడంగుళాల ఎత్తులో ఉంటుంది. గోడ అవతలే డక్ట్‌లోనో (పైపుల కోసం వదిలిన నిలువు ఖాళీ), బయటి గోడ మీదో నిలువు పైపు ఉంటే ఒక రంధ్రం కొట్టి కలిపేయవచ్చు. ఇక మిగిలేది స్నానం నీళ్లు. దానికి సన్నపైపు చాలు, దూరం తక్కువైతే నేలను మూడు, నాలుగంగుళాలు లేపితే పని జరుగుతుంది. స్నానం చేసే చోటును నిలువు పైపుకు దగ్గరగా, తలుపుకు దూరంగా పెట్టి, తలుపు దగ్గర చిన్న ఏటవాలు ఇస్తే మెట్టు బాధ చాలావరకు తీరుతుంది.

గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకు నేలను తవ్వే వెసులుబాటు ఉంది. అయితే హైదరాబాద్ నేలకు రెండు చిక్కులున్నాయి. ఒకటి రాయి. నగరం గ్రానైటు మీద కూర్చుని ఉంది. కొన్నిచోట్ల రెండడుగులు తవ్వగానే గట్టి బండ తగులుతుంది. ఇంటి ఈ చివర నుంచి ఆ చివరకు కొత్త లైన్ వేయాలన్న ప్లాన్ అక్కడే ఆగిపోతుంది. రెండోది రోడ్డు. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పొరలు పొరలుగా వేస్తూ పోవడంతో చాలా కాలనీల్లో ఇంటి గడప రోడ్డుకన్నా కిందికి వెళ్లింది. చాంబర్‌లో నీటి మట్టం, రోడ్డు లైన్ మట్టం దగ్గరదగ్గరగా ఉన్న ఇళ్లలో వాన కాలంలో మురుగు వెనక్కి తన్నుతుంది. 2020 అక్టోబర్ వానల్లాంటివి వచ్చినప్పుడు నీరు ముందుగా పొంగేది ఇంట్లో అన్నిటికన్నా కిందున్న బాత్‌రూమ్ జాలీలోంచే. అలాంటి ఇంట్లో లోతుగా తవ్వి కట్టే బాత్‌రూమ్ కొత్త సమస్య. చాంబర్‌కు ముందు వెనక్కి రానివ్వని వాల్వ్ బిగించడం అక్కడ తప్పనిసరి అనుకోవాలి.

వాలు బొత్తిగా దొరకనిచోట మలినాన్ని మెత్తగా నూరి సన్నపైపులోంచి పంపు చేసే మోటారు పరికరాలు కూడా మార్కెట్లో ఉన్నాయి. వాటితో ఇంటి ఏ మూలనైనా కమోడ్ పెట్టవచ్చు. కానీ కరెంటు పోతే అది పని చేయదు, చప్పుడు చేస్తుంది, కమోడ్‌లో గుడ్డ ముక్కో, ప్యాడో పడితే ఆగిపోతుంది. వేరే దారి లేనప్పుడే దాని జోలికి వెళ్లడం మంచిది.

ఉన్నదాన్ని విడదీయడం

పైన చెప్పిన కష్టాల్లో ఏదీ లేని మార్గం ఒకటుంది. దాన్ని అడిగేవాళ్లూ తక్కువ, చెప్పేవాళ్లూ తక్కువ. చాలా ఇళ్లలో కామన్ బాత్‌రూమ్ ఐదడుగులు, ఎనిమిది అడుగులు ఉంటుంది. ఎనిమిది అడుగుల పొడవులో మూడడుగులు టాయిలెట్‌కు వదిలి, ఐదంగుళాల గోడ కడితే స్నానాల గదికి నాలుగడుగుల ఏడంగుళాలు మిగులుతాయి. టాయిలెట్ 15 చదరపు అడుగులు, స్నానాల గది దాదాపు 23. పైన చెప్పిన కనీస కొలతలు రెండింటికీ సరిపోయాయి. వాష్‌బేసిన్‌ను తీసి బయట హాలు గోడకో, డైనింగ్ మూలకో పెడితే పాత ఇంటి అమరికే మళ్లీ వచ్చినట్టు. కమోడ్ కదలదు, పైపు కదలదు, స్లాబ్‌కు దించిన లోతు ఎలాగూ ఉంది. కావలసింది ఒక అడ్డుగోడ, ఒక తలుపు, కొత్త గదికి వెలుతురు.

ఎనిమిది అడుగుల గోడ హాలు వైపో, నడవ వైపో ఉంటేనే రెండు తలుపులు కుదురుతాయి. ఐదడుగుల గోడ మాత్రమే లోపలికి ఉంటే ఒక గది దాటి ఇంకో గదికి వెళ్లాల్సి వస్తుంది, విడదీసిన ప్రయోజనం పోతుంది. కమోడ్ ఉన్న వైపు, వెంటిలేటర్ ఉన్న వైపు ఏవో కూడా చూసుకోవాలి.

ఇద్దరు ఒకేసారి టాయిలెట్‌కు వెళ్లాల్సిన అవసరం దీనితో తీరదన్నది నిజమే. కానీ ఉదయం క్యూలో ఎక్కువ సమయం పట్టేది స్నానం, తల దువ్వుకోవడం, షేవింగ్, పళ్లు తోముకోవడం. ఆ సమయాన్ని టాయిలెట్ నుంచి వేరు చేస్తే క్యూ సగానికి పైగా కరుగుతుంది. పెద్దవాళ్ల కోసం మంచం దగ్గరే కావాలంటే మాత్రం ఈ మార్గం సరిపోదు, పడకగది మూలే దిక్కు.

మెట్ల కింద, బాల్కనీలో

కిరాయికిచ్చే పోర్షన్లున్న ఇళ్లలో మెట్ల కింద బాత్‌రూమ్ మామూలు దృశ్యం. అది కుదరడానికి కారణం ఎత్తుల లెక్క. రెండు వరుసల మెట్లలో మధ్య ల్యాండింగ్ ఐదడుగుల ఎత్తులో ఉంటుంది, దాని కింద మనిషి నిలబడలేడు. అక్కడి నుంచి పైకి వెళ్లే వరుస కింద మాత్రం తల పైన చోటు క్రమంగా పెరుగుతుంది. కమోడ్‌ను తక్కువ ఎత్తు వైపు, నిలబడి స్నానం చేసే చోటును ఎక్కువ ఎత్తు వైపు పెడతారు. బయటి మెట్లయితే నేల ఇంటి గచ్చుకన్నా అడుగున్నర, రెండడుగులు కిందికి ఉంటుంది కాబట్టి అంత ఎత్తు అదనంగా దొరుకుతుంది. చాంబర్ కూడా సాధారణంగా ఆ దగ్గర్లోనే ఉంటుంది. ఇంట్లోవాళ్లకు రాత్రిపూట బయటికి రావడం ఇబ్బంది కాబట్టి, దీన్ని పగటి అవసరాలకు, ఉదయం రద్దీకి పనికొచ్చే బాత్‌రూమ్‌గానే చూడాలి.

బాల్కనీని మూసి బాత్‌రూమ్ చేయడం చూడటానికి తేలికైన ఆలోచన. అది చేయకూడని పని. బాల్కనీ స్లాబ్ చాలావరకు ఒక పక్కే ఆధారంతో బయటికి వేలాడుతూ ఉంటుంది. దాని అంచు మీద ఇటుక గోడ లేపితే, ఎంత చివరికి వెళ్తే అంత లాగుడు పడుతుంది. వంటగది వెనక వాష్ ఏరియాకు ఇంకో అభ్యంతరం ఉంది. టాయిలెట్ తలుపుగానీ, కిటికీగానీ నేరుగా వంటగదిలోకి తెరుచుకోకూడదని జాతీయ స్మృతి స్పష్టంగా చెబుతుంది. అక్కడ కమోడ్ లేని స్నానాల గది కట్టుకోవచ్చు. అలాగే స్నానాన్ని అటు మార్చి, ఉన్న బాత్‌రూమ్‌ను టాయిలెట్‌కే వదిలేయవచ్చు.

స్లాబ్ మోసే బరువు

ఇళ్ల స్లాబులను మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు 200 కిలోల బరువు మోసేలా లెక్కగట్టడం ఆనవాయితీ. నేలను ఎనిమిది అంగుళాలు లేపడానికి ఇటుక ముక్కలు, మట్టి, సిమెంటు నింపితే చదరపు మీటరుకు 350 కిలోలు దాటుతుంది. మనుషులు అడుగు పెట్టకముందే, లెక్కగట్టిన బరువుకు ఒకటిన్నర రెట్లు పైన పడినట్టు. ముప్పై చదరపు అడుగుల బాత్‌రూమ్‌కు ఆ నింపుడు ఒక్కటే టన్ను.

గోడలు దానికన్నా ఎక్కువ. పడకగది మూలలో పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, ప్లాస్టరుతో కలిపి రెండున్నర టన్నులు దాటుతుంది. కింద బీము లేని చోట స్లాబ్ మధ్యలో ఇంత బరువు దింపితే స్లాబ్ వంగుతుంది, కింది ఇంటి సీలింగ్‌లో పగుళ్లు కనిపిస్తాయి. లోపల గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ సిమెంటు బ్లాకులతో అదే గోడ సగం బరువులోపే వస్తుంది. సిమెంటు బోర్డు పార్టిషన్ ఇంకా తేలిక. నింపడానికి కూడా ఏఏసీ ముక్కలు వాడితే మూడింట రెండు వంతుల భారం తగ్గుతుంది. గోడ వీలైనంతవరకు కింది బీము మీదే వచ్చేలా గీసుకోవాలి. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఈ బెంగ లేదు, భారమంతా భూమే మోస్తుంది. పై అంతస్తులో మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు ఒకసారి చూపించకుండా పని మొదలుపెట్టకూడదు. మేస్త్రి అనుభవం గోడ నిటారుగా లేపడానికి పనికొస్తుంది, స్లాబ్‌లో ఎంత ఇనుము ఉందో ఆయనకు కనబడదు. పైపు కోసం స్లాబ్‌కు రంధ్రం చేయాల్సి వస్తే సుత్తి, ఉలి కాకుండా కోర్ కటింగ్ మెషీన్ వాడించాలి. బీమును ఎట్టి పరిస్థితుల్లోనూ తాకకూడదు.

గాలి, వాసన, వేడినీళ్లు

కొత్త బాత్‌రూమ్‌లో వాసన వస్తోందంటే చాలాసార్లు తప్పు ట్రాప్‌ది కాదు, గాలి పైపుది. జాలీ కింద ట్రాప్‌లో రెండంగుళాల నీరు ఎప్పుడూ నిలిచి ఉండి మురుగు గాలిని ఆపుతుంది. నిలువు పైపులో పైనుంచి నీరు ఒక్కసారిగా దిగినప్పుడు దాని వెనక గాలి పలచబడి, ఆ నిలిచిన నీటిని లాగేస్తుంది. డాబా మీదికి తెరిచి ఉన్న గాలి పైపు ఉంటే ఆ లాగుడు ఉండదు. పాత పైపుకు కొత్త కమోడ్ కలిపేటప్పుడు దాని పై చివర తెరిచే ఉందో, ఎవరైనా మూసేశారో డాబా ఎక్కి చూడాలి.

కిటికీ లేని చోట ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, దాని గాలిని డక్ట్‌లోకో, బయటికో పంపాలి. పక్క గదిలోకి పంపితే తేమ అక్కడి గోడకు పడుతుంది. ఇక గ్యాస్ గీజర్. మూసి ఉన్న చిన్న బాత్‌రూమ్‌లో అది ప్రాణాంతకం. మండటానికి గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, స్నానం చేస్తున్న మనిషి స్పృహ తప్పేదాకా తెలియదు. కొత్తగా కట్టే ఇలాంటి గదిలో గ్యాస్ గీజర్ పెట్టే ఆలోచనే చేయకూడదు. మూడు కిలోవాట్ల కరెంటు గీజర్ 13 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి దానికి బోర్డు నుంచి వేరే లైను, షాక్ కొట్టగానే కరెంటు తెగిపోయే ఆర్‌సీసీబీ పెట్టించాలి. రెండు గీజర్లు ఒకేసారి నడిస్తే ఇంటికి మంజూరైన లోడ్ సరిపోతుందా అన్నది కూడా చూసుకోవాలి.

నీళ్లు, వాస్తు

మనుషుల సంఖ్య మారదు కాబట్టి నీటి వాడకం పెద్దగా పెరగదు. నగరానికి నీళ్లిచ్చే జలమండలి ఇంటికి నెలకు ఉచితంగా ఇచ్చే 20 వేల లీటర్లు ఐదుగురికి రోజుకు తలా 133 లీటర్ల లెక్క. కారే ఫ్లష్ ట్యాంకు ఒకటి చేరితే ఆ లెక్క తప్పుతుంది. పాతవాటిలో ఒక్కో ఫ్లష్‌కు పది లీటర్లు పోయేవి, ఇప్పుడు రెండు బటన్లవి మూడు, ఆరు లీటర్లతో సరిపెడతాయి. మారేది ఒత్తిడి. పాత బాత్‌రూమ్ అరంగుళం పైపు నుంచే కొత్తదానికి కలిపితే ఒకరు నల్లా తిప్పగానే ఇంకొకరి షవర్ సన్నబడుతుంది. డాబా మీది ట్యాంకు నుంచి ముప్పావంగుళం పైపు విడిగా దింపించడం మేలు.

వాస్తు పట్టింపు ఉన్న ఇళ్లలో ఈశాన్యంలో టాయిలెట్ ఒప్పుకోరు, వాయవ్యం వైపు మొగ్గుతారు. చాలా పాత ఇళ్లలో లెట్రిన్ ఆ వైపే ఉండటంతో పైపు చెప్పే చోటూ వాస్తు చెప్పే చోటూ తరచు కలుస్తాయి. పైగా సంపు, బోరు ఈశాన్యంలోనే తవ్వించడం ఇక్కడి అలవాటు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, మురుగు పైపును సంపుకు దూరంగా ఉంచడం ఆరోగ్యానికి అవసరమే.

కింది ఇంటి సీలింగ్

అపార్ట్‌మెంట్లలో ఈ పని ఎక్కువగా చెడేది చెమ్మ దగ్గర. కింది ఫ్లాటులో హాలో, పూజ గదో ఉన్నచోట పైన కొత్త బాత్‌రూమ్ వస్తే, ఒక్క చుక్క కారినా అది గొడవే. అందుకే అసోసియేషన్‌కూ, కింది ఇంటివాళ్లకూ ముందే చెప్పి, కాగితం మీద ఒప్పుకోలు తీసుకోవడం మంచిది. కింద కూడా బాత్‌రూమో, వాష్ ఏరియానో ఉన్న చోటును ఎంచుకుంటే సగం తగాదా ముందే తప్పుతుంది.

నేలకు వాటర్‌ప్రూఫింగ్ పూత రెండు చేతులు వేసి, గోడల మీదికి కనీసం అడుగు ఎత్తు, షవర్ వైపు తల ఎత్తు దాకా తీసుకెళ్లాలి. చెమ్మ నేల మధ్యలోంచి దిగడం తక్కువ, గోడా నేలా కలిసే మూలలోంచి, పైపు చుట్టూ ఉన్న సందులోంచి దిగడమే ఎక్కువ. టైల్స్ వేయకముందే జాలీ మూసి, రెండంగుళాల నీరు నింపి, 48 గంటలు అలాగే వదిలేయాలి. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి. పైపులు ఎటు వెళ్లాయో ఆ దశలోనే ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచుకుంటే, పదేళ్ల తర్వాత లీకేజీ వెతకడానికి నేలంతా పగలగొట్టాల్సిన అవసరం రాదు. మేస్త్రి ఒక రోజు కూలి పోతుందని తొందరపెట్టినా, రెండో రోజు సాయంత్రం కింది ఇంటికి వెళ్లి సీలింగ్ పొడిగా ఉందని చూసుకున్నాకే టైల్స్ పని మొదలుపెట్టించాలి.